పేరు రాయని జ్వరం: మన అడవి అంచుల్లో స్క్రబ్ టైఫస్ కథ



పోయిన నెల ఒక అన్న "హిస్టరీ చదువుతున్నవు కదా తమ్ముడూ, మన ఏజెన్సీ మీద ఏమన్నా రాయి" అన్నాడు. మొదట ఏదైనా పోరాటం మీద రాద్దామనుకున్నాను. కానీ మా ఇంట్లో జరిగిన ఒక సంగతి నన్ను వదలడం లేదు. అందుకని ఒక జ్వరం చరిత్ర రాస్తున్నాను. పోస్టు పెద్దదే, ఓపికగా చదవండి. చివర్లో మీ అందరితో ఒక పని కూడా ఉంది.

నేను ఖమ్మంలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా ఊరు దుమ్ముగూడెం వైపు. మా చిన్నమ్మ వాళ్ళది కూనవరం వైపు శబరి దగ్గర గూడెం. 2014లో ఆంధ్రలో కలిపిన మండలాల్లో వాళ్ళది కూడా పోయింది. చుట్టరికం ఒకటే, రాష్ట్రాలు రెండు.

దసరా సెలవుల్లో అక్కడికి పోయేసరికి చిన్నమ్మ బిడ్డ, నాకు చెల్లె, మంచం మీద ఉంది. పదో తరగతి చదువుతుంది. అప్పటికే అయిదు రోజుల నుంచి జ్వరం. తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కిట్టు పెట్టి చూసి మలేరియా లేదన్నారు. పక్క ఊరి ఆర్‌ఎంపీ టైఫాయిడ్ అని చెప్పి రోజుకు రెండు సూదులు వేస్తున్నాడు. ఎనిమిదో రోజు ఊపిరి అందక ఎగపోసింది. ఏం మాట్లాడుతుందో దానికే తెలియలేదు. ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పోయినం.

అక్కడ ఒక నర్సమ్మ అడిగిన మొదటి మాట: "ఒంటి మీద ఎక్కడన్నా నల్ల మచ్చ ఉందా బిడ్డా?" చెల్లె లేదని తల ఊపింది. ఆమె ఊరుకోలేదు. తెర చాటుకు తీసుకుపోయి చూసింది. నడుము దగ్గర, లంగా నాడా కట్టుకునే చోట, బీడీ అంటించినట్టు ఒక నల్ల పొక్కు, చుట్టూ ఎర్ర గీత. డాక్టరు చూసి స్క్రబ్ టైఫస్ అన్నాడు. రక్తం పరీక్షకు పంపి, రిపోర్టు రాకముందే మందు మొదలుపెట్టాడు. మూడో రోజుకు జ్వరం దిగింది.

చిన్నమ్మ ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చొని ఏడ్చింది. "ఆ మచ్చ నేను మొదటి రోజే చూసిన. నొప్పి లేదు, దురద లేదన్నది. చీమ కుట్టిందనుకున్న" అన్నది.

ఇంటికి వచ్చాక ఈ సంగతంతా అమ్మమ్మకు చెప్పినం. అమ్మమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నది: "ఇట్లాంటి మచ్చే మీ పెద్దతాత చంకలో చూసిన. వెదురు కూపుకు పోయి వచ్చి పడుకున్నడు. పదిహేను రోజులకు పోయిండు. అందరు మలేరియా అన్నరు."

ఆ మాట దగ్గర నా చరిత్ర పాఠం మొదలైంది. ఈ జ్వరం మన దగ్గరికి నిన్న మొన్న వచ్చిందా? ఎప్పటి నుంచో ఉంటే మనకు దాని పేరెందుకు తెలియదు?

ముందు ఆ పురుగు గురించి చెప్తాను. తొలకరి వానలు పడ్డాక, ఆరుద్ర కార్తెలో, ఎర్రగా మఖమల్ గుడ్డలాగ మెత్తగా ఉండే పురుగు నేల మీద నడుస్తుంటది కదా. ఆరుద్ర పురుగు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో వేసుకుని ఆడుకున్నవాళ్ళమే మనమంతా. అది ఎవరినీ ఏమీ చేయదు. స్క్రబ్ టైఫస్ తెచ్చేది దాని దగ్గరి చుట్టం, చాలా చిన్నది. మిరపకాయ కోతకు పోయినవాళ్ళకు ఇంకో చుట్టం కూడా తెలుసు. మిరపలో కింది ముడత తెచ్చే తెల్లనల్లి. ఇవన్నీ నల్లి జాతివే. మంచంలో ఉండి రక్తం తాగే నల్లి మాత్రం వేరు, దానికీ వీటికీ సంబంధం లేదు.

ఈ జ్వరం నల్లి పెద్దదయ్యాక మనుషుల జోలికి రాదు. మట్టిలోనే ఉంటది, పురుగుల గుడ్లు తిని బతుకుతది. కుట్టేది దాని పిల్ల మాత్రమే. పిల్లకు ఆరు కాళ్ళు, పెద్దయ్యాక ఎనిమిది. పిల్ల సైజు మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటది, కంటికి కనపడీ కనపడనట్టు. గడ్డి మీద, రాలిన ఆకుల మీద కాచుకుని కూర్చుంటది. ఎలుకో, పందికొక్కో, మనిషో అటు పోతే అంటుకుంటది. బట్ట బిగుతుగా ఉన్న చోటు, చర్మం మెత్తగా ఉన్న చోటు వెతుక్కుంటది. చంక, గజ్జ, నడుము, రొమ్ము కింద. అది రక్తం తాగదు. లాలాజలంతో చర్మాన్ని కరిగించి ఆ నీరు పీలుస్తది. రెండు మూడు రోజులు అట్లనే పట్టుకుని, కడుపు నిండాక రాలిపోతది. మనకు నొప్పి తెలియదు.

ఆ పిల్ల ఒంట్లో ఓరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా ఉంటే అది మన ఒంట్లోకి వస్తది. పది రోజులు అటూ ఇటూగా జ్వరం మొదలవుతది. ఇక్కడ ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. నల్లి పిల్ల జీవితంలో ఒక్కసారే ఇట్ల కుడుతది. మరి దానికి ఈ బ్యాక్టీరియా ఎక్కడిది? తల్లి నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి పిల్లకు వస్తది. అందుకే మనిషి నుంచి మనిషికి ఈ జ్వరం అంటదు. కానీ ఒక పొద కింద ఈ నల్లులు ఉంటే, ఆ చోటు ఏళ్ళ తరబడి అట్లనే ఉంటది. పది అడుగుల అవతల ఏమీ ఉండకపోవచ్చు. శాస్త్రవేత్తలు వీటిని నల్లి దీవులు అన్నారు. మన పెద్దవాళ్ళు కొన్ని తావుల్లో పడుకోవద్దు, ఆ తావు మంచిది కాదు అంటుంటారు. అన్నిటికీ ఇదే కారణమని అనను. కానీ ఆ మాటను నవ్వి కొట్టిపారేసే అలవాటు నాకు పోయింది.

ఇక చరిత్రకు వద్దాం.

మన ప్రాంతం కాగితాల మీద ఎన్ని చేతులు మారిందో చూడండి. 1860లో నిజాం భద్రాచలం తాలూకాను ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చాడు. వాళ్ళు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో అప్పర్ గోదావరి జిల్లాలో పెట్టారు. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి, గోదావరి జిల్లాకు మార్చారు. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రకు పోయాయి. 2016లో మిగిలింది భద్రాద్రి కొత్తగూడెం అయింది. ప్రతిసారీ మన అడవి, మన పోడు, మన పన్ను కొత్త రిజిస్టర్‌లోకి ఎక్కాయి.

అప్పట్లో బయటివాళ్ళకు మన్యం అంటే మొదట గుర్తొచ్చేది జ్వరమే. గోదావరి మీద పడవలు నడపాలని, ఆర్థర్ కాటన్ ఆలోచన పట్టుకుని, హేగ్ అనే ఇంజనీరు దొర ఆధ్వర్యంలో మా దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పనులు చేశారు. పనికి వచ్చిన కూలీలు, దొరలు కూడా జ్వరాలతో మంచం పట్టేవాళ్ళు. డబ్బులు చాలక, జ్వరాలు తగ్గక, 1871లో ఆ పథకాన్నే ఆపేశారు. 1879 రంప ఫితూరీ అప్పుడూ అంతే. పోడు మీద పన్ను పెంచి, కొన్ని చోట్ల పోడే వద్దన్నందుకు మన రేకపల్లి వైపు జనం కూడా ఆ ఫితూరీలో కలిశారు. అణచడానికి వచ్చిన సిపాయిలను కొండ కంటే ఎక్కువ జ్వరం ఇబ్బంది పెట్టింది. 1907లో హెమింగ్‌వే రాసిన గోదావరి జిల్లా గెజిటీర్‌లో కూడా ఏజెన్సీ జ్వరం మాట ఉంది.

కానీ ఈ రాతలన్నిటిలో ఒకటి గమనించండి. అధికారికి జ్వరం వస్తే కబురు, సిపాయికి వస్తే కబురు. కోయవాడికి వస్తే అది వాడికి అలవాటే అన్నట్టు వదిలేశారు. ఇంగ్లీషువాళ్ళ చావుల లెక్కల్లో కలరాకు ఒక గడి, మశూచికి ఒక గడి ఉండేవి. మిగతా జ్వరాలన్నిటికీ కలిపి ఒకటే గడి, "జ్వరాలు" అని. ఊరి మునసబు చెప్పింది అందులో రాసుకునేవాళ్ళు. ఏ జ్వరమో అడిగినవాళ్ళు లేరు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. చాలా గొప్ప పని, మన తెలుగు నేల మీదే జరిగింది. మన ఏజెన్సీలో మలేరియా నిజంగానే ఎక్కువ, ఎంతోమందిని తీసుకుపోయింది కూడా. అయితే ఆ తర్వాత ఒక అలవాటు పడిపోయింది. అడవిలో జ్వరం అంటే మలేరియానే. 1953లో దేశమంతా మలేరియా కార్యక్రమం పెట్టి ఇంటి గోడలకు డీడీటీ కొట్టారు, క్లోరోక్విన్ బిళ్ళలు పంచారు. మలేరియా తగ్గింది. కానీ గోడ మీద కొట్టిన మందు పొద కింద ఉన్న నల్లికి తగలదు. క్లోరోక్విన్ ఈ బ్యాక్టీరియాను ఏమీ చేయదు. ఇప్పటి దోమతెర కూడా ఈ నల్లిని ఆపదు. ఒక జ్వరానికి దొరికిన పేరు ఇంకో జ్వరాన్ని కప్పేసింది.

మరి పేరు ఎక్కడ దొరికింది? ముందు జపాన్‌లో. అక్కడ నీగటా, అకిత, యమగత అనే ప్రాంతాల్లో నదులు వరదొచ్చి పోయాక, గట్ల మీది పొలాల్లో పనికి పోయిన రైతులకు ఈ జ్వరం వచ్చేది. రైతులు దాన్ని పురుగు జ్వరం అనే అనేవాళ్ళు. ముషి అంటే వాళ్ళ భాషలో పురుగు, సుత్సుగ అంటే కీడు. కీడు చేసే పురుగు, అదే సుత్సుగముషి. ఆ పురుగు పేరు మీద చిన్న గుళ్ళు కూడా కట్టుకున్నారు. మనం ముత్యాలమ్మకు పెట్టుకున్నట్టే. 1879లో టోక్యోలో ఉండే జర్మనీ డాక్టరు ఎర్విన్ బెల్జ్, జపాన్ డాక్టరు కవాకమీ కలిసి దీని మీద రాశారు. ఇక్కడ రేకపల్లిలో ఫితూరీ జరిగిన ఏడే అది. తర్వాత దశాబ్దాల పాటు జపాన్ శాస్త్రవేత్తలు పనిచేసి పురుగునూ క్రిమినీ పట్టుకున్నారు. ఇవాళ ప్రపంచమంతా ఆ బ్యాక్టీరియాకు వాడే పేరులో జపాన్ రైతుల మాట అట్లనే ఉంది. పొలం పని చేసేవాళ్ళ మాటను అక్కడ రాసుకున్నారు.

రెండో చోటు మలయా, ఇప్పటి మలేషియా. 1920లలో అక్కడి ఆయిల్ పామ్ తోటల కూలీల్లో ఒక జ్వరం కనపడింది. విలియం ఫ్లెచర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు దాన్ని పరీక్షించి, టౌనులో వచ్చే టైఫస్ వేరు, ఈ తోటల్లో, గడ్డిలో పనిచేసేవాళ్ళకు వచ్చేది వేరు అని విడదీశారు. స్క్రబ్ అంటే తుప్పలు, పొదలు. స్క్రబ్ టైఫస్ అంటే తుప్పల టైఫస్. ఆ రోజుల్లో మలయా తోటల్లో చెట్టు నరికింది, గడ్డి కోసింది ఎక్కువగా దక్షిణ భారతం నుంచి ఓడల్లో పోయిన కూలీలే. అందులో మన తెలుగు జిల్లాలవాళ్ళూ ఉన్నారు. మన దేశంలో ఈ జ్వరం ఎక్కువగా తెచ్చే నల్లి పేరు లెప్టోట్రాంబిడియం డెలియెన్స్. డెలీ అనేది సుమత్రా దీవిలో పొగాకు తోటల ప్రాంతం. అంటే పురుగు పేరులో కూడా కూలీల తోటే ఉంది.

మూడోది యుద్ధం. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా, అస్సాం అడవుల్లో రెండు వైపుల సైన్యాల్లో వేలమంది ఈ జ్వరంతో పడిపోయారు. అప్పుడు ప్రభుత్వాలు కదిలాయి. సిపాయిల బట్టలకు నల్లి అంటకుండా మందు పూశారు. ఇంఫాల్‌లో దీని కోసమే ఒక ప్రయోగశాల పెట్టారు. 1948లో కౌలాలంపూర్‌లో జోసెఫ్ స్మేడెల్ బృందం క్లోరాంఫెనికాల్ అనే మందు ఇస్తే రెండు రోజుల్లోపే రోగులకు జ్వరం దిగింది. అంతకుముందు ఈ జ్వరాన్ని ఇట్లా దించే మందు లేదు. తర్వాత టెట్రాసైక్లిన్ జాతి మందులు వచ్చాయి. ఇప్పుడు వాడే డాక్సీసైక్లిన్ వాటిలోదే.

చూడండి, 1948కే పురుగు తెలుసు, క్రిమి తెలుసు, మందు తెలుసు. మా పెద్దతాత పోయింది 1980ల చివర్లో అని అమ్మమ్మ లెక్క. మధ్యలో నలభై ఏళ్ళు. ఆ మాట ఇంఫాల్ నుంచి మన గూడెం దాకా నడిచి రాలేదు.

యుద్ధం అయిపోయాక మన దేశంలో ఈ జ్వరాన్ని దాదాపు మర్చిపోయారు. దానికి డాక్టర్లు ఒక కారణం చెప్తారు. అప్పట్లో ఏ జ్వరానికైనా టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ ఎక్కువ రాసేవాళ్ళు. పేరు తెలియకుండానే కొంతమందికి నయమైపోయేది. తర్వాత వేరే యాంటీబయోటిక్స్ వచ్చాయి. పెన్సిలిన్ జాతి మందులు, ఇప్పుడు జ్వరానికి ఎక్కువగా వేసే సూదులు చాలావరకు ఈ బ్యాక్టీరియా మీద పనిచేయవు. అది మన కణాల లోపల దాక్కుంటది. అందుకే మా చెల్లెకు వేసిన పది పదిహేను సూదులు నీళ్ళతో సమానం అయినయి. 2000 తర్వాత తమిళనాడు, హిమాచల్ లాంటి చోట్ల డాక్టర్లు మళ్ళీ వెతకడం మొదలుపెడితే, వెతికిన చోటల్లా దొరికింది.

గోరఖ్‌పూర్ సంగతి మీరు వినే ఉంటారు. ఉత్తరప్రదేశ్‌లో ప్రతి వానాకాలం వందల మంది పిల్లలు మెదడు వాపుతో చనిపోయేవాళ్ళు. ఏళ్ళ తరబడి అంతా దోమ తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. దానికి టీకా వేసినా చావులు ఆగలేదు. 2015 తర్వాత చేసిన పరీక్షల్లో సగానికి పైగా పిల్లల్లో స్క్రబ్ టైఫస్ గుర్తులు కనపడ్డాయి. అక్కడ కూడా తెలిసిన పేరు తెలియని జ్వరాన్ని కప్పేసింది. మొన్న 2025 చివర్లో ఆంధ్రాలో విజయనగరం లాంటి జిల్లాల నుంచి ఈ జ్వరం వార్తలు వస్తే టీవీల్లో "కొత్త వైరస్" అని కొందరు చెప్పారు. ఇది వైరస్ కాదు. కొత్తదీ కాదు.

ఇప్పుడు మనకు కోపం తెప్పించే ఒక మాట గురించి. నేను హాస్టల్‌లో ఈ విషయం చెప్తే ఒక ఫ్రెండ్ అన్నాడు: "మీరు పోడు కొడతరు, అడవిలో తిరుగుతరు, అందుకే వస్తది." సగం నిజం, సగం అన్యాయం. ఇంఫాల్ ప్రయోగశాలలో పనిచేసిన రాల్ఫ్ ఆడీ అనే శాస్త్రవేత్త తర్వాత మలయాలో కూడా చాలా ఏళ్ళు ఈ నల్లుల మీద పనిచేసి, 1968లో ఎర్ర నల్లుల మీద ఒక పుస్తకం తెచ్చాడు. ఆయన పనిలో నాకు అర్థమైంది ఏంటంటే, ఈ జ్వరం పెద్ద చెట్ల అడవి కంటే, ఆ అడవిని కదిలించి వదిలేసిన చోట ఎక్కువ. చెట్టు పోయి గడ్డి, తుప్పలు లేస్తే ఎలుకలు చేరుతాయి. ఎలుకల వెంట నల్లులు చేరుతాయి. అది పాత పోడు కావచ్చు, కూపు కొట్టి వదిలేసిన చోటు కావచ్చు, కాలువ గట్టు, రోడ్డు పక్క కంప, ఊరి చివర బీడు, ఆఖరికి హాస్టల్ వెనక ఎవరూ కోయని గడ్డి కూడా కావచ్చు. చెన్నై, హైదరాబాద్ లాంటి సిటీల్లో కూడా కేసులు వస్తున్నాయి.

మన భద్రాచలం వైపు అడవిని కదిలించింది పోడు ఒక్కటే కాదు. కలప కోసం, వెదురు కోసం, తోటల కోసం, ప్రాజెక్టుల కోసం కదిలించారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో గొడవలకు భయపడి వచ్చిన గుత్తికోయ కుటుంబాలు చర్ల, దుమ్ముగూడెం అడవి అంచుల్లో గుడిసెలు వేసుకున్నాయి. వాళ్ళు ఉండేది సరిగ్గా ఈ తుప్పల్లోనే. చాలామందికి కరెంటు లేదు, రోడ్డు లేదు, కాగితాలు లేవు. జ్వరం వస్తే వాళ్ళను ఏ రాష్ట్రం లెక్కలో రాస్తారు? అంచున ఉండేది మన ఇష్టంతో కాదు. ప్రతి కొత్త రిజిస్టర్ మనల్ని ఇంకొంచెం అంచుకు తోసింది.

ఇంకొక మాట, ఇది రాయడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది, కానీ రాయాలి. చెల్లె ఆ మచ్చ గురించి ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగిన. "ఆ డాక్టర్ మగమనిషి, ఎట్ల చూపిస్తా అన్నా?" అన్నది. ఈ నల్లి పట్టుకునే చోట్లన్నీ మనం బట్ట కింద దాచుకునే చోట్లే. పైగా మన చామన ఛాయ, నలుపు ఒంటి మీద మచ్చ తొందరగా కనపడదు. డాక్టరు అడగడు, పిల్ల చెప్పదు. ఇద్దరి మధ్య ప్రాణం పోతది. ఆ నర్సమ్మ తెర చాటుకు తీసుకుపోయి చూసింది కాబట్టి మా చెల్లె బతికింది. ఆమె చేసింది అయిదు నిమిషాల పని.

అందుకే ఇవి గుర్తు పెట్టుకోండి.

ఆగస్టు నుంచి చలికాలం దాకా, అయిదు రోజులు దాటిన జ్వరం ఉండి మలేరియా, డెంగీ లేదంటే, స్క్రబ్ టైఫస్ పరీక్ష చేయమని మీరే అడగండి. ఐజీఎం ఎలైజా అనే రక్త పరీక్ష ఉంటది. ఈ జ్వరంలో కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, అందుకని డెంగీ అని పొరపాటు పడతారు. జ్వరం ఉన్న మనిషి ఒళ్ళంతా ఇంట్లో ఆడవాళ్ళకు ఆడవాళ్ళు, మగవాళ్ళకు మగవాళ్ళు చూడండి. చంక, గజ్జ, నడుము, రొమ్ము కింద, చెవి వెనక, వీపు మీద. మచ్చ లేకపోయినా ఈ జ్వరం ఉండొచ్చు. చాలామందికి మచ్చ రాదు.

మందు ఖరీదు కాదు. డాక్సీసైక్లిన్, లేదంటే అజిత్రోమైసిన్. ఎవరికి ఏది, ఎంత అనేది డాక్టరే చెప్పాలి. గర్భిణులకు ముఖ్యంగా. షాపులో కొనుక్కుని మింగొద్దు. అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టమని 2015లోనే ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో ఉంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. అట్లా ముదిరినవాళ్ళకు రెండు మందులూ కలిపి నరం ద్వారా ఇస్తే ఒక్కటి ఇచ్చిన దానికంటే మేలని మన దేశంలో జరిగిన పెద్ద పరిశోధనలో 2023లో తేలింది. టీకా ఇంకా లేదు.

పొలం నుంచి, అడవి నుంచి వచ్చాక స్నానం చేసి బట్టలు మార్చుకోండి. గడ్డి మీద ఉత్తగా పడుకోవద్దు, కింద ఏదన్నా పరుచుకోండి. ఉతికిన బట్టలు పొదల మీద ఆరేయకండి, తీగ కట్టుకోండి. ఇంటి చుట్టూ, బడి చుట్టూ, హాస్టల్ చుట్టూ తుప్పలు కొట్టించండి.

ఇక నేను మొదట్లో చెప్పిన పని. మన జ్వరాలకు ఒకే గడి పెట్టినవాళ్ళు పోయారు. కానీ ఆ గడి ఇంకా అట్లనే ఉంది. మీ ఇంట్లో అవ్వను, తాతను అడగండి. నల్ల మచ్చతో జ్వరం వచ్చి ఎవరన్నా పోయారా, లేదా బతికారా? ఏ నెలలో? ఎన్ని రోజులు జ్వరం ఉంది? మచ్చ ఎక్కడ ఉంది? అంతకుముందు ఏ పనికి పోయారు, కూపుకా, కోతకా, కాపలాకా? మన కోయ మాటలో, కొండరెడ్ల మాటలో ఈ జ్వరానికి గానీ పురుగుకు గానీ వేరే పేరు ఉందా? పేషంటు పేరు రాయొద్దు, ఊరి పేరు, ఏడు రాస్తే చాలు. ఈ పోస్టు కింద రాయండి. అన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కిస్తా. కొంచెం పోగయ్యాక మనమే తీసుకుపోయి డాక్టర్లకు చూపిద్దాం.

ఆ నోటుబుక్కులో మొదటి పేజీ రాసేసిన. మగమనిషి, వయసు నలభై లోపు, వెదురు కూపు, మచ్చ చంకలో, పదిహేను రోజులు. అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టు. జ్వరం పేరు రాసే చోట మాత్రం ఖాళీ ఉంచిన. రెండో పేజీ చెల్లెది. దాని అక్షరాలతో అదే రాసింది. అక్కడ ఖాళీ లేదు.

అందరికీ జోహార్. జై ఆదివాసీ.